మాలలో ఉండి చెప్పుల్లేకుండా కారు, బండి నడపొచ్చా? ఫైన్ పడుతుందా?

స్వామి శరణం. ప్రశ్న అడిగిన స్వామి మాలలో ఉన్నారు. రోజూ భీమవరం నుంచి నరసాపురం డ్యూటీకి ఎక్కువగా కారులో, అప్పుడప్పుడు బండి మీద వెళ్తున్నారు, దీక్ష కాబట్టి కాళ్లకి చెప్పులు లేవు. అలా నడిపితే పోలీసులు వెయ్యి రూపాయలు రాస్తారనీ, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ రాదనీ ఆఫీసులో ఎవరో భయపెట్టారట. సూటిగా చెప్పాలంటే రెండూ నిజం కాదు. అయితే మీరు అడగనిది ఒకటుంది, అసలు అలా నడపడం క్షేమమేనా అని. దానికి కారుకి ఒక జవాబు, బండికి వేరే జవాబు.

నేనూ పాలకొల్లు వైపు వాడినే. చెరువుల మీద తిరిగే పని, అందుకని కారు, బండి, ఊడ్పుల రోజుల్లో మా ట్రాక్టరు, ఏది అవసరమైతే అది నడుపుతుంటాను. మాల కూడా వేస్తాను. కాబట్టి వట్టికాళ్లతో నడపడం నాకు కొత్తేమీ కాదు, చదివి చెప్పేదీ కాదు.

ముందు చట్టం సంగతి. మన మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. అందులో హెల్మెట్ గురించి 129వ సెక్షన్ ఉంది, సీటు బెల్టుకి శిక్ష ఉంది, లైసెన్సు, తాగి నడపడం అన్నీ ఉన్నాయి, డ్రైవరు కాళ్లకి ఏం వేసుకోవాలో మాత్రం ఎక్కడా లేదు. ఈ పుకారు ఎక్కడ పుట్టిందంటే, 2019 సెప్టెంబరు 1 నుంచి సవరించిన చట్టం వచ్చి ఫైన్లు ఒక్కసారిగా పెరిగాయి కదా, అప్పుడు వాట్సాప్‌లో నోటికొచ్చిందల్లా తిరిగింది. చెప్పులేసుకుని గేరు బండి నడిపితే ఫైన్, లుంగీ కడితే ఫైన్, పొట్టి చేతుల చొక్కాకి ఫైన్, కారులో స్పేర్ బల్బు లేకపోతే ఫైన్ అని. ఆ గోల భరించలేకే ఆ నెలలోనే కేంద్ర రవాణా మంత్రి గడ్కరీ గారి ఆఫీసు ట్విట్టర్‌లో ఒక్కొక్కటీ పేరు పెట్టి, వీటికి చలానా లేదు, పుకార్లు నమ్మకండి అని రాసింది. చెప్పులేసుకుని నడపడం కూడా ఆ లిస్టులో ఉంది. అయినా ఆ పాత మెసేజీ ఏడాదికోసారి కొత్త వేషం వేసుకుని మళ్లీ వస్తూనే ఉంటుంది, మీ ఆఫీసులో ఆయనకి కూడా అదే వచ్చి ఉంటుంది.

ఒక్క మెలిక ఉంది. 184వ సెక్షన్ అని ప్రమాదకరంగా నడపడం గురించినది. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1000 నుంచి 5000 దాకా ఫైన్, లేదా రెండూ. బాధ్యతగల డ్రైవరు నడిపినట్టు నడపకపోతే అది పడొచ్చు. అంటే మీ కాలు జారి ఎవరినైనా గుద్దేస్తే, అప్పుడు కేసు గుద్దినందుకు, చెప్పులు లేనందుకు కాదు. చెప్పుల్లేవు అన్న ఒక్క కారణంతో ఆపి చలానా రాయడానికి సెక్షన్ లేదు. నన్ను దీక్షలో ఎన్నోసార్లు ఆపారు, అడిగింది కాగితాలు, హెల్మెట్టే. చాలామంది కానిస్టేబుళ్లు వాళ్లే ముందు "స్వామి శరణం" అని పలకరిస్తారు.

ఇంకో చిత్రం. బండి వెనక కూర్చునేవాళ్ల కాళ్ల గురించి మాత్రం మన రూల్స్ పట్టించుకున్నాయి. 1989 నాటి కేంద్ర రూల్స్‌లో 123వ రూలు ప్రకారం వెనక కూర్చునేవాళ్లకి పట్టుకోడానికి పట్టు, కాళ్లు పెట్టుకోడానికి ఫుట్ రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా కప్పే శారీ గార్డు ఉండాలి. మనవాళ్లు బండి షోరూం నుంచి రాగానే అందం చెడిపోతుందని ముందు ఊడదీసేది ఆ గార్డునే. ఆడవాళ్ల చీర కుచ్చిళ్లు, చున్నీలు చక్రంలో పడి జరిగే ఘోరాలు మన వైపు తక్కువేం కాదు, చెప్పుల సంగతి కంటే దానికే ముందు భయపడాలి అనేది నా అభిప్రాయం.

ఆటో, టాక్సీ నడిపేవాళ్లకి ఖాకీ యూనిఫాం నిబంధన ఉంది, అది వేరే గొడవ. దీక్షలో ఉన్న ఆటో స్వాములు నల్ల బట్టల మీద ఖాకీ చొక్కా తగిలించుకుని నడపడం మీరూ చూసే ఉంటారు. మీది సొంత కారు, మీకు అది వర్తించదు.

అమెరికాలో ఇది నేరమట అని కూడా కొందరంటారు, మన గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ల నుంచి ఎవరో ఒకరు అక్కడ ఉంటారు కాబట్టి ఆ మాటకి బలం ఎక్కువ. అక్కడ కూడా వట్టికాళ్లతో కారు నడపకూడదని ఏ రాష్ట్రంలోనూ చట్టం లేదు. అలబామాలో మోటార్ సైకిల్‌కి మాత్రం బూట్లు ఉండాలంటారు. ఇంగ్లండులో వాళ్ల హైవే కోడ్ 97వ రూలు, పెడల్స్ సరిగ్గా తొక్కడానికి అడ్డు రాని చెప్పులు, బట్టలు వేసుకోమంటుంది, అంతే. నాకైతే వాళ్ల మాటే సబబుగా అనిపిస్తుంది.

ఇన్సూరెన్సు గురించి కూడా అంతే. అవతలివాళ్లకి కట్టాల్సిన పరిహారం నుంచి కంపెనీ తప్పించుకోడానికి చట్టంలో కొన్ని కారణాలే ఉన్నాయి, లైసెన్సు లేకపోవడం, తాగి నడపడం, పర్మిట్ లేకుండా వాడడం లాంటివి. చెప్పుల్లేకపోవడం అందులో లేదు. మన సొంత కారు రిపేరు క్లెయిముకి పాలసీ కాగితంలో మినహాయింపులు రాసి ఉంటాయి, ఒకసారి తీసి చదువుకోండి, నా పాలసీలో అయితే పాదరక్షల ఊసే లేదు. కోర్టుకెళ్తే అవతలి లాయరు ఏదైనా అంటాడు, వట్టికాళ్లతో నడిపాడు కాబట్టే బ్రేకు అందలేదని కూడా అనొచ్చు, కానీ అలా అన్నవాడే అది నిరూపించాలి.

ఇక అసలు విషయం. కారులో వట్టికాళ్లకంటే ప్రమాదమైంది విప్పి పక్కన పెట్టిన చెప్పులు. చాలామందికి ఈ అలవాటు ఉంది, మాలలో ఉన్నా లేకపోయినా. కారెక్కగానే చెప్పులు విప్పి సీటు ముందే, కాళ్ల దగ్గరే వదిలేస్తారు. మా బావమరిది కూడా అంతే, ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. ఒకసారి కాలువ గట్టు రోడ్డు మీద వస్తున్నాం, నేను పక్క సీట్లో ఉన్నాను, మలుపులో గేదె అడ్డం వచ్చింది. వాడు బ్రేకు తొక్కాడు, పెడల్ సగం దిగి ఆగిపోయింది. కుదుపులకి చెప్పు జరుగుతూ జరుగుతూ వెళ్లి బ్రేకు కింద దూరింది, రబ్బరు చెప్పు మడతపడి అక్కడే కూర్చుంది. నేను హ్యాండ్ బ్రేకు లాగాను, వాడు గేరు తగ్గించాడు, కారు ఆగేసరికి ముందు చక్రం గట్టు అంచు మీద ఉంది, కింద కాలువ నిండా గుర్రపు డెక్క. గేదె మాత్రం తాపీగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి వాడి చెప్పులు డిక్కీలో ఉంటున్నాయి.

మన డెల్టాలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రోడ్డుకి ఒక పక్క కాలువ, ఇంకో పక్క బోదె, మధ్యలో ఒక కారు, ఒక ట్రాక్టరు పట్టేంత తారు. హైవే మీద అయితే కాస్త పక్కకి తిప్పుకునే చోటు ఉంటుంది, ఇక్కడ పక్కకి అంటే నీళ్లలోకే. గంటకి 60లో వెళ్తుంటే అర సెకను ఆలస్యమైతే చాలు, బ్రేకు పడేలోపు కారు 8 మీటర్ల పైనే ముందుకి పోతుంది.

అందుకని కాళ్ల దగ్గర ఏమీ ఉండకూడదు. చెప్పులు, వాటర్ బాటిల్, గొడుగు, ఏదీ. దీక్షలో ఉన్నవాళ్లకి ఇంకొకటి చెప్తాను, పూజ సంచిలో కొబ్బరికాయలు ముందు సీటు మీద పెట్టుకుంటారు, బ్రేకు వేయగానే ఒకటి దొర్లి కిందికొస్తుంది, అది పెడల్ కిందికి పోతే చెప్పు కంటే ఘోరం, చెప్పు కనీసం నలుగుతుంది, కాయ నలగదు. వెనక సీటు కింద పెట్టి కదలకుండా సర్దుకోండి. కింద వేసే మ్యాటు కూడా కొక్కేనికి తగిలించి ఉందో లేదో చూడండి, పాతదాని మీద కొత్తది వేసేవాళ్లు ఉన్నారు, అది ముందుకి జరిగి ఎక్సలేటర్ కింద నొక్కుకుంటుంది.

ఇప్పుడు వట్టికాలు. పొడిగా ఉన్న కాలితో కారు నడపడంలో నాకు పెద్ద ఇబ్బంది కనిపించలేదు, ఇంకా చెప్పాలంటే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో అరికాలికి బాగా తెలుస్తుంది. నరసాపురం రేవులో కారుని పంటు, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కించేటప్పుడు చూడండి, సఖినేటిపల్లి వైపు దాటడానికి, ఆ తడి ఇనప రేకుల మీద హాఫ్ క్లచ్‌లో అంగుళం అంగుళం ఎక్కించాలి, వెనక నీళ్లు. అక్కడ మందపాటి బూటు కంటే వట్టికాలే నయం అనిపిస్తుంది నాకు.

కానీ తడికాలు అయితే ససేమిరా వద్దు. దీక్షలో తెల్లవారుజామున తలస్నానం, పూజ, హడావుడిగా అలాగే కారెక్కడం, కాళ్లు ఆరి ఉండవు. పెడల్ మీద రబ్బరు అరిగిపోయి నున్నగా ఉంటే తడి అరికాలు సర్రున జారుతుంది. చెరువు గట్టు మీది బంకమట్టి అయితే ఇంకా అన్యాయం, సబ్బు రాసినట్టే. నేను డోరు జేబులో ఒక పాత తువ్వాలు పెట్టుకుంటాను, కూర్చుని, కాళ్లు బయటే ఉంచి తుడుచుకుని, తర్వాత లోపల పెడతాను. పెడల్ రబ్బర్లు అరిగిపోతే మార్పించండి, మెకానిక్‌కి చిన్న పని అది.

రెండో సంగతి, గట్టిగా తొక్కాల్సి వచ్చినప్పుడు. రోజూ వేసే బ్రేకుకి బలం అక్కర్లేదు, అందుకే వట్టికాళ్లతో అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఎమర్జెన్సీలో పెడల్‌ని నేలకి అదిమేసినట్టు తొక్కాలి, కాలివేళ్లతో తొక్కితే ఆ బలం రాదు, నొప్పికి కాలు దానంతటదే వెనక్కి వస్తుంది. వేళ్ల వెనక ఉండే మెత్తటి భాగం ఉంది కదా, అది పెడల్ మధ్యలో పడాలి. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్, అంటే గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉంటుంది, గట్టిగా తొక్కితే పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది, వట్టికాలికి ఆ అదురు ఎక్కువ తెలుస్తుంది, ఏదో విరిగిందని హడలిపోయి కాలు తీసేస్తారు. తీయకూడదు, అలాగే నొక్కి పట్టాలి. ఇంజిన్ ఆగిపోతే బ్రేకు ఒకటి రెండు తొక్కుళ్ల తర్వాత రాయిలా బిగుస్తుంది, అప్పుడు ఇంకా బలం కావాలి. ఎవరూ లేని చోట, పొడి రోడ్డు మీద, తక్కువ స్పీడులో ఒకసారి వట్టికాలితో గట్టి బ్రేకు వేసి చూడండి, మీ కాలికి ఎంత బలం వస్తోందో తెలుస్తుంది.

షుగరు ఉన్న స్వాములకి మాత్రం నేను గట్టిగా చెప్తాను. షుగరు ముదిరితే అరికాళ్లు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గిపోతుంది, కాలు బ్రేకు మీద ఉందో ఎక్సలేటర్ మీద ఉందో కాలికే తెలియదు. అలాంటప్పుడు చెప్పులున్నా లేకపోయినా స్టీరింగ్ ఇంకొకరికి ఇచ్చేయాలి. నడిచేటప్పుడు గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడితే మానదు. ఇలాంటివాళ్లకి గుడ్డ బూట్లు వేసుకోమని మా గురుస్వామి స్వయంగా చెప్తారు. మీకూ అలాంటిదేమైనా ఉంటే మీ గురుస్వామిని మొహమాటం లేకుండా అడగండి, అయ్యప్ప కాళ్లు పోగొట్టుకోమని అడగలేదు.

దీక్ష అయ్యాక, లేదా మీ ఇంట్లో వాళ్లు నడిపేటప్పుడు, వట్టికాళ్ల కంటే చెత్త చెప్పులు ఎక్కువ ప్రమాదం. హవాయి చెప్పు మడమ దగ్గర వదులుగా ఉంటుంది, ఎక్సలేటర్ నుంచి బ్రేకుకి కాలు మార్చేటప్పుడు దాని ముక్కు బ్రేకు అంచుకి తగులుకుంటుంది. వానలో అయితే చెప్పు పెడల్ మీదే ఉంటుంది, కాలు చెప్పులోంచి జారుతుంది. వెనక పట్టీ లేని క్రాక్సూ అంతే. గమ్‌బూట్లు వెడల్పు, ఒకేసారి రెండు పెడల్స్ తొక్కేస్తాయి. పెళ్లిళ్లకి హీల్స్ వేసుకుని కారు నడిపే ఆడపడుచులు మడమ నేలకి ఆనించలేరు, కాలు గాల్లో ఉంచి తొక్కాలి, భీమవరం ట్రాఫిక్‌లో అరగంట అలా నడిపితే పిక్కలు పట్టేస్తాయి. హీల్స్ వెనక సీటులో పెట్టి, పల్చటి అడుగు ఉండి వెనక పట్టీ ఉన్న శాండిల్స్ ఒక జత కారులో ఉంచుకుంటే సరిపోతుంది. డ్రైవింగ్ స్కూల్ వాళ్లు లైసెన్సు టెస్టుకి బూట్లేసుకు రమ్మనేది కూడా ఇందుకే.

ట్రాక్టరు గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పేస్తాను. దమ్ములో ఎవరూ చెప్పులేసుకోరు, బురద లాగేస్తుంది, అది సహజం. ప్రమాదం మడిలోంచి రోడ్డెక్కాకే. ట్రాక్టరుకి కుడి, ఎడమ చక్రాలకి విడివిడిగా రెండు బ్రేకులు, మడిలో తిప్పుకోడానికి లాకు తీసి ఉంచుతారు. రోడ్డు మీద లాకు వేయడం మర్చిపోయి, బురద కాలు జారి ఒక్క బ్రేకే తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకి గిర్రున తిరుగుతుంది. గట్టెక్కగానే కాలువలో కాళ్లు కడుక్కుని, పెడల్స్ మీద బురద గీకి, లాకు వేసి, అప్పుడు కదలాలి.

ఇక బండి. ఇక్కడ నేను మీతో సరే అనను. బండి మీద కాలు పెడల్ తొక్కడానికే కాదు, నేల మీద ఆనించడానికి కూడా కావాలి. మాసూళ్ల రోజుల్లో రోడ్డు సగం ధాన్యం ఆరబోసి ఉంటారు, అక్కడ బండి జారితే వట్టికాలు ఆనిస్తే ఆగదు, గింజల మీద కాలూ జారుతుంది. గేరు పైకి లేపేది బొటనవేలి పైభాగంతో, రోజూ లేపితే కాయ కాస్తుంది, అందుకని గేరు వేయాల్సినప్పుడు వేయకుండా బద్ధకిస్తారు. కిక్ కొట్టేటప్పుడు వెనక్కి తన్నిందంటే అరికాలు వాచిపోతుంది. ట్రాఫిక్‌లో పక్క బండి సైలెన్సర్ తగిలినా, పడినప్పుడు తారు మీద ఈడ్చుకుపోయినా ముందు పోయేది పాదం తోలే. స్కూటీ అయితే రెండు బ్రేకులూ చేతిలోనే కాబట్టి కొంత నయం, ఆనించడం సమస్య మాత్రం దానికీ ఉంది.

తప్పక వెళ్లాల్సి వస్తే నేను చేసేది చెప్తాను. గేర్ల బండి ఇంట్లో పెట్టి స్కూటీ తీస్తాను, 40 దాటను, ఎవరినీ ఓవర్‌టేక్ చేయను, ఆగే ముందే స్పీడు బాగా తగ్గించి కాలు ఈడ్చకుండా ఆనిస్తాను, చీకటి పడ్డాక అసలు తీయను. హెల్మెట్ మాత్రం దీక్షలో కూడా ఉండాల్సిందే. నల్ల కండువా తలకి చుట్టుకుంటే హెల్మెట్ అక్కర్లేదనుకునే స్వాములు కొందరున్నారు, తలపాగా మినహాయింపు చట్టంలో సిక్కులకే, మనకి 1000 ఫైన్, మూడు నెలలు లైసెన్సు సస్పెండూ.

శబరిమలకి సొంత కారులో వెళ్లే ఉద్దేశం ఉంటే వట్టికాళ్ల కంటే నిద్ర గురించి ఎక్కువ టెన్షన్ పడండి. తెల్లవారుజామున లేవడం, ఒంటిపూట భోజనం, రాత్రి భజన, మళ్లీ రాత్రంతా డ్రైవింగు, కళ్లు మూతపడతాయి. ఎరుమేలి దాటాక ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా రెండో గేరులో దించండి, అరికాలికీ నొప్పి తగ్గుతుంది, బ్రేకులూ వేడెక్కవు. ఇద్దరు డ్రైవర్లు లేకుండా ఆ ప్రయాణం పెట్టుకోకండి.

మీ డ్యూటీ విషయానికొస్తే, దీక్ష అయ్యేదాకా రోజూ కారులోనే వెళ్లండి, తువ్వాలు ఒకటి పెట్టుకోండి. కారు దొరకని రోజున వీరవాసరం, పాలకొల్లు మీదుగా బస్సులు తిరుగుతూనే ఉంటాయి, భీమవరం నుంచి నరసాపురానికి రైళ్లూ ఉన్నాయి, టైము మీ డ్యూటీకి కుదురుతుందేమో ఒకసారి చూసుకోండి.